కుందేలు తిండి మానేస్తే ఏం చేయాలి: పాలమూరు, నల్గొండ వైపు పెంచేవాళ్ళ కోసం

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇది. జడ్చర్లలో పాప పుట్టినరోజుకు రెండు కుందేలు పిల్లల్ని కొన్నారు. వారం తిరక్కుండానే ఒకటి చనిపోయింది. రెండోదానికి ఇప్పుడు నాలుగు నెలలు. నిన్న సాయంత్రం నుంచి ఇష్టంగా తినే క్యారెట్ కూడా ముట్టడం లేదు, మూలన ముడుచుకుని కూర్చుంది. మేతగా క్యారెట్, క్యాబేజీ, పొద్దున చపాతీ ముక్క పెడుతున్నారు. తోడు లేక బెంగ పెట్టుకుందా, ఎండ దెబ్బా అని అడిగారు. మన వైపు కుందేళ్ళు పెంచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా అడిగారు.

ముందు చేయాల్సిన పని చెబుతాను. అది చేశాక మిగతాది తీరిగ్గా చదవండి.

ఇవాళే, ఇప్పుడే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కుందేలు 12 గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ కిందే లెక్క. కుక్క ఒక రోజు తినకపోతే రేపు చూద్దాం అనుకోవచ్చు, కుందేలు విషయంలో ఆ మాటే వద్దు. దాని పేగు రోజంతా కదులుతూనే ఉండాలి. కదలిక ఆగితే లోపల ఉన్న మేత ఎండి గట్టిపడుతుంది, గ్యాస్ పడుతుంది, ఆ నొప్పికి ఇంకా తినదు, తినకపోతే పేగు ఇంకా మందగిస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి పైనుంచి బయటికి వచ్చే దారి కూడా లేదు.

బయలుదేరే ముందు నాలుగు చూడండి. చెవులు చేత్తో పట్టుకుంటే చల్లగా ఉన్నాయా? కడుపు మెత్తగా ఉందా, బిగుసుకుని ఉబ్బిందా? పళ్ళు గట్టిగా కొరుకుతున్న చప్పుడు వస్తోందా? నిన్నటి నుంచి పెంటికలు ఎన్ని వేసింది, ఏ సైజులో ఉన్నాయి? ఈ నాలుగూ డాక్టర్‌కు చెప్పండి. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, 38 కంటే తగ్గితే ప్రమాదం. చెవులు చల్లబడి ఉంటే గోరువెచ్చని నీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి తీసుకెళ్ళండి. అట్టపెట్టెలో గడ్డి పరిచి, గాలి ఆడేలా రంధ్రాలు చేసి అందులో పెట్టండి. చెవులు పట్టి ఎత్తవద్దు. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి వెనక కాళ్ళ కింద పెట్టి ఒంటికి ఆనించుకోండి. గింజుకుని వెనక కాళ్ళతో గట్టిగా తన్నితే దాని వెన్నుపూసే విరిగిపోవచ్చు.

కడుపు ఉబ్బి గట్టిగా ఉంటే బలవంతంగా నోట్లో ఏమీ పోయకండి, లోపల అడ్డం పడి ఉండవచ్చు. అది లేదని డాక్టర్ చెప్పాకే సిరంజితో తినిపించడం. దానికి కుందేలు పెల్లెట్లను, అంటే షాపుల్లో దొరికే గుళికల మేతను, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి జావలా కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి ఒక్కో మిల్లీలీటర్ చొప్పున, మింగిందో లేదో చూసుకుంటూ పెట్టాలి. ఎదురుగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

డాక్టర్ దగ్గర ఒక మాట. మన వైపు డాక్టర్లు రోజూ చూసేది గొర్రెలు, మేకలు, బర్రెలు. అందులో వాళ్ళ చేయి చాలా మంచిది, కుందేలు మాత్రం వాళ్ళ టేబుల్ మీదికి ఎప్పుడో గానీ రాదు. కాబట్టి మర్యాదగా మీరే అడగండి: "సార్, నోటి ద్వారా అమోక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్, లింకోమైసిన్ కుందేలుకు పడవంటారు కదా?" ఆ మందులు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి, చెడ్డవాటిని పెంచుతాయి, ప్రాణం పోతుంది. కుక్కలకు పేలు, గోమార్లు పోవడానికి మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా కుందేలుకు విషమే. నొప్పికి మెలాక్సికామ్, చర్మం కింద సెలైన్, అవసరమైతే పేగు కదలికకు మందు: సాధారణంగా వైద్యం ఈ దారిలోనే ఉంటుంది. నొప్పి తగ్గితేనే మేత పట్టుకుంటుంది, అందుకే నొప్పి మందు గురించి తప్పకుండా అడగండి.

ఇక మీ ప్రశ్న. బెంగ కుందేళ్ళకు ఉంటుంది, నిజమే. కానీ మీరు రాసిన మేత చూస్తే కారణం అందులోనే కనిపిస్తోంది. క్యారెట్, క్యాబేజీ, చపాతీ ఉన్నాయి, గడ్డి అనే మాటే లేదు. కుందేలు ఆరోగ్యం గురించి నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పేది ఒక్కటే: అది గడ్డి మేసే జంతువు. కడుపు నిండా గడ్డి ఉన్న కుందేలుకు సగం జబ్బులు రావు, గడ్డి లేని కుందేలుకు ఎన్ని మందులు పోసినా నిలవవు.

ఎందుకో చెబుతాను. కుందేలుకు 28 పళ్ళు. అవి బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళయితే వారానికి రెండు మిల్లీమీటర్ల పైనే. గడ్డిని అడ్డంగా నమిలేటప్పుడు దవడ పక్కలకు కదిలి పై పళ్ళు, కింది పళ్ళు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. మెత్తని చపాతీకి, క్యారెట్‌కు ఆ కదలిక రాదు. దవడ పళ్ళు అరగక అంచులు మొనతేలి నాలుకను, బుగ్గను కోస్తాయి. ఇక పేగు సంగతి. గడ్డిలోని ముతక పీచు పేగును నెడుతూ ఉంటుంది. పిండి, చక్కెర ఎక్కువైతే లోపల పులిసి గ్యాస్ అవుతుంది. క్యారెట్ కుందేలుకు తీపి వస్తువు, వారంలో ఒకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు. చపాతీ, అన్నం, బిస్కెట్, శనగలు అసలు వద్దు.

మన దగ్గర గడ్డి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంగ్లిష్ వీడియోలు చూసి అందరూ తిమోతీ గడ్డి అని వెతుకుతారు. దొరికితే మంచిదే, ఆన్‌లైన్‌లో వస్తుంది, కానీ ధర ఎక్కువ, నెలంతా దాని మీదే నడపడం అందరి వల్లా కాదు. మన గరిక చాలా మంచి మేత. పొలం గట్ల మీద, చెరువు కట్టల దగ్గర దొరుకుతుంది. పొద్దున మంచు ఆరాక కోసి, మట్టి దులిపి, నీడలో పలచగా పరిచి రెండు మూడు రోజులు తిరగేస్తూ ఆరబెట్టాలి. బాగా ఆరిన గరిక పచ్చదనం పోదు, మడిస్తే చిటుక్కుమంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన వస్తుంది. నల్లబడినా, ముక్కిన వాసన వచ్చినా, దులిపితే బూజు పొడి రాలినా పారేయండి. పాలిథిన్ కవర్లో కట్టేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది, గోనె సంచిలో నింపి గాలి తగిలే చోట పెట్టండి. పాడి రైతుల దగ్గర దొరికే గినియా గడ్డి, రోడ్స్ గడ్డి కూడా బాగుంటాయి. నేపియర్ కాడలు లావుగా ఉంటాయి, లేతగా ఉన్నప్పుడు కోసినవి పెట్టండి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వాళ్ళు వరిగడ్డి పెట్టొచ్చా అని అడుగుతుంటారు. అందులో పోషకాలు తక్కువ, గరుకు ఎక్కువ. పడుకోవడానికి కింద పరచండి, ఒకటి రెండు పోచలు నమిలినా ఏం కాదు, మేత మాత్రం అదొక్కటే కాకూడదు. పాలమూరు వైపు వేరుశనగ చొప్ప బాగా దొరుకుతుంది. అది పప్పుజాతి, కాల్షియం ఎక్కువ, పైగా చెమ్మ తగిలితే బూజు విషం చేరుతుంది. బాగా ఆరింది అయితేనే, అదీ కొద్దిగా. లూసర్న్, దశరథ గడ్డి కూడా ఇలాంటివే. మీ పిల్లకు ఇంకా ఆరు నెలలు నిండలేదు కాబట్టి కొంత పెట్టొచ్చు, పెద్దదయ్యాక తగ్గించేయండి, లేకపోతే మూత్రంలో సున్నం పేరుకుని రాళ్ళు కడతాయి. లేత జొన్న తిన్న పశువులకు నాము తగులుతుందని మన రైతులందరికీ తెలుసు, కుందేలుకూ అది విషమే. సుబాబుల్ మేకలకు వేస్తారని కుందేలుకు వేయకండి, బొచ్చు ఊడిపోతుంది. ఇంటి ముందు గన్నేరు, ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు, లంటానా, వయ్యారిభామ ఉంటే కుందేలు వాటి దరిదాపుల్లోకి పోకూడదు.

పత్తి చేను గట్టు మీద గడ్డి కోయవద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మన రెండు జిల్లాల్లోనూ పత్తి ఎక్కువ, మందు కొట్టే రోజుల్లో గట్టు గడ్డి అంతా దాన్నే తాగి ఉంటుంది. కలుపు మందు కొట్టిన చోటు వారం దాకా పచ్చగానే కనిపించవచ్చు, చూసి కనిపెట్టలేం. రైతును అడిగి కోయండి. మూసీ ఒడ్డున పెరిగే పారా గడ్డి ఎంత ఏపుగా ఉన్నా వద్దు, అది పట్నం మురుగు నీళ్ళతో పెరిగింది. హైవే పక్క గడ్డి కూడా వద్దు.

పచ్చి ఆకుల్లో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు, మందార ఆకులు పెట్టండి. బయట ఎక్కడ చూసినా కనిపించే గడ్డిచామంతిని అయితే పరిగెత్తుకొచ్చి తింటాయి. పాలకూర, తోటకూర, గంగవాయిలి కూర ఎప్పుడైనా కొంచెం. ఒకేరకం ఆకు రోజూ కాకుండా మార్చుతూ, రోజుకు ఒక గుప్పెడు చాలు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ ఆకు, టమాట ఆకు వద్దే వద్దు. షాపుల్లో దొరికే కుందేలు పెల్లెట్లు చాలావరకు మాంసానికి పెంచే కుందేళ్ళ కోసం చేసినవి, త్వరగా బరువెక్కించడమే వాటి పని. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 20, 25 గ్రాములు మించకూడదు. మీది ఎదిగే పిల్ల, కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, కానీ గడ్డి పక్కన ఎప్పుడూ ఉండాలి. ఒక జాగ్రత్త: చపాతీ, రోజూ పెట్టే క్యారెట్ ఇప్పుడే ఆపేయండి, కోలుకున్నాక కొత్త ఆకులు మాత్రం ఒక్కొక్కటిగా, వారం పది రోజుల మీద అలవాటు చేయండి. ఒక్కసారిగా మేత మార్చితే మళ్ళీ కడుపు చెడుతుంది.

కుందేలు తన వెనక భాగం దగ్గర మూతి పెట్టి ఏదో తింటోందని చాలామంది కంగారు పడి కొట్టి ఆపుతారు. ఆపకండి. కుందేలు రెండు రకాలు వేస్తుంది. ఒకటి మనకు కనిపించే గుండ్రటి, పొడి పెంటికలు. రెండోది మెత్తగా, మెరుస్తూ, గుత్తిగా వచ్చేది, అందులో ప్రొటీన్, బి విటమిన్లు, పేగుకు కావాల్సిన సూక్ష్మజీవులు ఉంటాయి. దాన్ని నేరుగా తీసుకుని మింగేస్తుంది. ఆ గుత్తులు తినకుండా నేల మీద వదిలేస్తుంటే మేతలో తీపి, పిండి ఎక్కువైందనో, లావై మూతి అందడం లేదనో, వెన్ను నొప్పి ఉందనో అర్థం.

పొడి పెంటికలు రోజుకు రెండు వందల పైనే వేస్తుంది. రోజూ పొద్దున ఊడ్చేటప్పుడు ఒక్క నిమిషం వాటిని చూడండి. కుందేలు వేటాడే జంతువులకు ఆహారం అయ్యే ప్రాణి, అందుకే నొప్పి ఉన్నా పైకి కనిపించనివ్వదు. అది దాచినా పెంటికలు దాచలేవు. ఒకే సైజులో, గుండ్రంగా, విరిస్తే లోపల పీచు పీచుగా ఉంటే బాగుంది. చిన్నవై, నల్లబడి, గట్టిపడితే పేగు మందగిస్తోంది. పూసలు గుచ్చినట్టు వెంట్రుకతో ఒకదానికొకటి అతుక్కుని వస్తే బొచ్చు రాలుస్తోంది, దువ్వాలి, గడ్డి పెంచాలి. ఇలా చూసే అలవాటు ఉన్న ఇంట్లో జబ్బు ఒక రోజు ముందే తెలుస్తుంది. కుందేలుకు ఆ ఒక్క రోజే బతుకు. వారానికోసారి తూకం కూడా వేయండి, వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ తక్కెడ చాలు, ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

నీళ్ళు గిన్నెలో పెట్టండి, వేలాడదీసే సీసా కన్నా గిన్నెలోంచే ఎక్కువ తాగుతుంది. బరువైన మట్టి గిన్నె అయితే ఒలికించదు. నల్గొండ వైపు చదువుతున్నవాళ్ళకు ఇంకో మాట. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల పళ్ళను, ఎముకలను ఏం చేసిందో మనం కళ్ళారా చూశాం. పశువుల పళ్ళకూ అదే గతి పట్టింది. బతుకంతా పళ్ళ మీదే ఆధారపడిన జంతువుకు ఆ నీళ్ళు ఎందుకు? మీరు తాగే మిషన్ భగీరథ నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో దానికీ పోయండి.

ఎండాకాలం గురించి. మన దగ్గర కుందేళ్ళు ఎక్కువగా పోయేది ఏప్రిల్, మే నెలల్లోనే. కుందేలుకు హాయిగా ఉండే వేడి 15 నుంచి 25 డిగ్రీలు. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర మేలో 43, 44 మామూలు. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఎక్కువగా చెవుల్లోని రక్తనాళాల ద్వారానే వేడిని బయటికి పంపుతుంది. గాలి దాని ఒంటి కన్నా చల్లగా ఉన్నంతసేపే ఆ పద్ధతి పనిచేస్తుంది. బయట 44 ఉన్నప్పుడు ఫ్యాన్ పెడితే వేడి గాలి చెవులకు కొట్టి ఇంకా వేడెక్కిస్తుంది. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ధీమాగా ఆఫీసుకు పోయినవాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చారు. రేకుల షెడ్డు, పైకప్పు వేడెక్కే పెంట్‌హౌస్ గది, పడమటి బాల్కనీ: ఈ మూడు చోట్లా మార్చి దాటాక కుందేలు ఉండకూడదు.

పాలమూరు ఎండలో ఒక మంచి గుణం ఉంది, అది పొడి ఎండ. అందుకే ఎయిర్ కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. కిటికీ ఒకటి తెరిచి పెట్టండి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. జూన్‌లో వాన చెమ్మ మొదలయ్యాక కూలర్ అంత సాయపడదు. కింద పడుకోవడానికి తాండూరు బండ ముక్క ఒకటి వేయండి. మన ఇళ్ళల్లో ఫ్లోరింగ్ వేసేటప్పుడు మిగిలిన ముక్క ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని తడిపి తుడిచి గది మూలన పెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు కుందేలు దాని మీద పొట్ట ఆనించి, వెనక కాళ్ళు బార్లా చాపి పడుకుంటుంది. పక్కన ఫ్రిజ్‌లో గడ్డకట్టిన లీటరు సీసాకు పాత గుడ్డ చుట్టి పెట్టండి, కరెంటు పోయినప్పుడు అదే కాపాడుతుంది. పెద్ద మట్టి కుండను అడ్డంగా పడుకోబెట్టి పైన తడి గోనె కప్పితే లోపల దూరి కూర్చుంటుంది. అంగోరా అని పొడుగు బొచ్చుదాన్ని అమ్మినవాళ్ళు చెప్పకపోవచ్చు, ఎండాకాలం దాని బొచ్చు కత్తిరించాల్సిందే.

నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి, మూతి తడిసింది, నిలబడలేకపోతోంది: అది వడదెబ్బ. వెంటనే చల్లటి చోటికి తెచ్చి చెవులను మామూలు నీళ్ళ గుడ్డతో తడపండి. ఐసు నీళ్ళు వద్దు, బకెట్‌లో ముంచవద్దు, ఆ షాక్‌కే ప్రాణం పోతుంది. తడుపుతూనే డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. అసలు కుందేలుకు ఏ కాలంలోనూ స్నానం అవసరం లేదు.

వానాకాలంలో ఈగలు. తోక కింద తడిగా, మురికిగా ఉంటే ఈగ గుడ్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. రోజూ వెనక భాగం చూడండి. ముక్కు, చెవి అంచు, కాలి గోళ్ళ దగ్గర తెల్లగా పొట్టు కడితే గజ్జి, చెవి లోపల మందంగా గోధుమ రంగు పొలుసులు పేరుకుంటే చెవి గజ్జి. ఐవర్‌మెక్టిన్‌తో బాగా తగ్గుతుంది, కానీ గొర్రె లెక్కన కాదు, కుందేలును తూకం వేసి ఇవ్వాలి, డాక్టర్ చెప్పిన రోజున మళ్ళీ వేయించాలి. ఆ దురద మనుషులకూ కొద్దిగా అంటుకుంటుంది, పాపను చేతులు కడుక్కోమనండి. చూసి మీరే పొలుసులు పీకకండి, నొప్పి, రక్తం.

కేజ్ గురించి ఎక్కువ చెప్పను. ఇనుప జాలీ నేల వల్ల పాదాలు పుండ్లు పడతాయి. ఈత చాప పరచండి, అది కొరుక్కోవడానికి కూడా పనికొస్తుంది. రోజుకు మూడు నాలుగు గంటలైనా బయట తిరగనివ్వండి, కరెంటు వైర్లు అందకుండా చూసుకోండి. జామ కొమ్మలు ఇస్తే బెరడు ఒలుచుకుంటూ కాలక్షేపం చేస్తుంది. దీపావళికి, వినాయక నిమజ్జనం డీజే రోజున లోపలి గదిలో ఉంచండి. భయంతోనే పేగు ఆగిపోతుంది, భయంతోనే గుండె ఆగిన కుందేళ్ళూ ఉన్నాయి.

మొదటి పిల్ల ఎందుకు పోయింది అని మీరు అడగలేదు గానీ, ఆ బాధ మీ మాటల్లో కనిపించింది. మీ తప్పు కాదు. బజారులో అమ్మే పిల్లల్ని చాలాసార్లు మూడు నాలుగు వారాలకే తల్లి నుంచి వేరు చేస్తారు, అంత చిన్నవే ముద్దుగా ఉంటాయని. నిజానికి ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉండాలి. పేగు ఇంకా కుదురుకోని వయసు, ప్రయాణం, కొత్త మేత, దానికి తోడు కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి. విరేచనాలు మొదలై ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఉన్నదాని పెంటికలు కూడా ఒకసారి డాక్టర్ చేత మైక్రోస్కోప్‌లో చూపించండి.

ఇంకో విషయం. ఇప్పుడు ఉన్నది ఆడదో మగదో నిర్ధారణగా తెలుసుకోండి. ఆడదైతే గర్భసంచి తీయించడం మంచిది. తీయించని ఆడ కుందేళ్ళలో నాలుగేళ్ళు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. ఆపరేషన్‌కు కుందేళ్ళు అలవాటున్న డాక్టర్ కావాలి, మన వైపు నుంచి హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనూ అడిగి చూడండి. ఎక్కడ చేయించినా, ముందు రాత్రి నుంచి పస్తు పెట్టమంటే ఇంకోసారి అడగండి. వాంతి చేసుకోలేని జంతువును కుక్కలా పస్తు పెట్టాల్సిన పని లేదు, పెడితే పేగే మందగిస్తుంది.

మన వైపు ఎవరైనా ఉన్నారా అన్నారు. ఉన్నారు. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, మీ జడ్చర్లలోనూ ఉన్నారు. మాకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. మొదట గడ్డి కోసం మొదలైంది, ఒక్కరికి ఒక గోనె గడ్డి తెప్పించడం కష్టం, పది మందికి ఆటో నిండా తెప్పించడం తేలిక. ఇప్పుడు దసరాకు ఊరెళ్ళేవాళ్ళ కుందేలు ఇంకొకరి ఇంట్లో ఉంటుంది, దాని గడ్డి, దాని గిన్నె, దాని చాపతో సహా. రాత్రి పదకొండింటికి పెంటికల ఫోటో పెట్టినా ఎవరో ఒకరు లేచి చూస్తారు. మిర్యాలగూడ నుంచి ఒకాయన "మేత దగ్గరికి వస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది" అని ఫోటో పెడితే, గడ్డం కింద బొచ్చు తడిసి ఉండటం ఇంకొకరు గమనించి పళ్ళు చూపించమన్నారు. దవడ పన్ను మొన నాలుకను కోస్తోంది. అరగదీయించాక ఆ సాయంత్రమే గరిక పట్టుకుంది.

గ్రూప్‌లో కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. మందు పేరు ఎవరైనా చెప్పొచ్చు, డోసు మాత్రం డాక్టరే చెప్పాలి. పిల్లల్ని అమ్మడం లేదు. ఎవరి దగ్గరైనా వద్దనుకున్న కుందేలు ఉంటే ఇంకో ఇల్లు వెతికి పెడతాం. పొలంలో దొరికిన అడవి కుందేలు పిల్లల ఫోటోలు పెట్టి ఎలా పెంచాలి అని అడిగితే, దొరికిన చోటే వదిలేయమంటాం. వాటిని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా వాటి తల్లి సాయంత్రం వచ్చి పాలిచ్చి పోతుంది. కలుసుకున్నప్పుడు కుందేళ్ళను ఎవరూ తీసుకురారు. కొత్త చోటు, కొత్త వాసన, ఒకదాని జబ్బు ఇంకొకదానికి, ఎందుకు? మనుషులమే కలిసి గడ్డి పంచుకుని, ఫోన్లలో వీడియోలు చూపించుకుంటాం. రాత్రి అన్నాలు తిన్నాక ఇల్లు సద్దుమణిగే వేళకు కుందేలు హాలంతా పరిగెత్తి, గాల్లోకి ఎగిరి, నడుము ఒక వైపు, కాళ్ళు ఒక వైపు తిప్పి దిగుతుంది. సంతోషం పట్టలేకపోతే అలా చేస్తుంది. ఆ వీడియోను అందరూ ఎన్నిసార్లు చూసినా మొదటిసారి చూసినట్టే చూస్తారు. మీ పాపకు ఆ సందడి బాగా నచ్చుతుంది.

తోడు సంగతి చివర్లో చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడే తెచ్చేది కాదు. ఇది కోలుకుని, తూకం నిలదొక్కుకున్నాక చూద్దాం. తెచ్చేటప్పుడు బజారు పిల్ల వద్దు, మా దగ్గర ఇల్లు కోసం చూస్తున్న పెద్దవి ఉంటాయి. ఆపరేషన్ అయిన ఆడ, మగ జంట బాగా కలుస్తాయి. రెండు మగవైతే వయసొచ్చాక రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. ఆపరేషన్ లేని ఆడ, మగ కలిస్తే నెలకే పిల్లలు, ఈనిన మర్నాడే మళ్ళీ చూలు కట్టవచ్చు. కొత్తది వచ్చాక రెండు వారాలు వేరే గదిలో ఉంచి, ఆ తర్వాత జాలీకి అటూ ఇటూ పెట్టి, పడుకునే గుడ్డలు ఒకదానివి ఇంకొకదానికి మార్చుతూ వాసన అలవాటు చేయాలి. జాలీకి ఆనుకుని రెండూ పడుకోవడం మొదలుపెట్టాక, రెండింటికీ కొత్త అయిన గదిలో, మీరు పక్కన కూర్చుని, పది నిమిషాలతో మొదలుపెట్టండి.